‘నువ్వు’ అన్నందుకు

మా కోడలు నన్ను ‘నువ్వు’ అంటుంది. ఖరగ్‌పూర్‌లోని మా రైల్వే క్వార్టరులో అడుగుపెట్టిన నాటి నుంచీ అంటూనే ఉంది. ఇది ఒక విశేషమని నాకుగాని, నా కుమారునికిగాని ఎన్నడూ తోచలేదు. విశేషమని మాకు తెలియజెప్పినవారు ఆమె వీడియోలు చూసే ప్రేక్షకులు. వారిలో ఎవరినీ నేను చూడలేదు, ఇకముందు చూస్తానన్న ఆశా లేదు. అయినా వారికి కృతజ్ఞుణ్ణి. అది ఎందువల్లనో క్రమంగా చెబుతాను.

కోడలు ఈ ఊరి నిమ్‌పురాలోనే పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి అక్కడి రైల్వే యార్డులో పనిచేసి గతించాడు. నా కుమారుడు ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నాడు. ఆమె చదువు హిందీలో, ఆటలు బెంగాలీలో సాగాయి. తెలుగు మాత్రం ఇంట్లో విని నేర్చుకున్నది. అంటే, రైలు పని కోసం ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి వచ్చిన మా పెద్దలు మూటల్లో కట్టి తెచ్చుకున్న తెలుగు. అందులో ‘ఏటి’ ఉంది, ‘లెగు’ ఉంది, ‘నేదు’ ఉంది. ‘గారు’ చాలా తక్కువ. నేను రైల్వే పిల్లలకు జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. బడిలోనూ, ఇంట్లోనూ పుస్తకభాషే మాట్లాడాను. ఎదుటివారు వాళ్ల భాషలో మాట్లాడితే దిద్దేవాణ్ణి. కోడలిని మాత్రం దిద్దలేదు. దిద్దడానికి ఆమె వ్యవధి ఇవ్వలేదు.

ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టి ఆమె తన రోజును చిత్రిస్తుంది. పొద్దుటి పనులు, వంట, వరండాలో ఎండే వడియాలు, ఆదివారం ఆరాధనకు బయలుదేరే హడావిడి, అన్నీ అందులో ఉంటాయి. ఇందులో చూడదగినది ఏమున్నదని మొదట అడిగాను.

“సూసినోళ్లు సూస్తారు మావా. నీకేటి?” అంది.

చూశారు. చూసినవారు ఊరుకోలేదు.

తెలుగు అక్షరాలను ఆమె కూడబలుక్కొని చదవగలదు, అంతే. అందువల్ల తెలుగులో వచ్చిన అభిప్రాయాలను సాయంకాలం టీ వేళ చదివి వినిపించే బాధ్యత నాపైన పడింది. ఒకరు వ్రాసినదానిని ఉన్నదున్నట్టు చదవడం నా వృత్తిధర్మం. ఒత్తు లేని చోట ఒత్తు లేకుండానే చదివాను.

ఒకరికి ఆమె నుదుట బొట్టు లేకపోవడం కనిపించింది; వారు క్రైస్తవులని ఆ కిందనే మరొకరు సర్దిచెప్పారు. ఒకరికి నైటీ మీద వేసుకున్న తువ్వాలు నచ్చలేదు. మధ్యాహ్నం పూట మరమరాల్లో ఆలుగడ్డ కూర కలుపుకొని తినడం సంసారస్త్రీ చేయవలసిన పని కాదని ఒకామె తీర్పు చెప్పింది. మా ఊళ్లో ఆ పని చేయని సంసారస్త్రీ ఎవరో నేనెరుగను. నా కుమారుడు గిన్నెలు తోమే దృశ్యం మీద పెద్ద చర్చ నడిచింది. నేను బట్టలు మడతపెట్టే దృశ్యం మీద నడిచినది మరీ పెద్దది. ‘పాపం, ముసలాయన చేత చాకిరీ చేయిస్తోంది’ అన్నారు. నిజమేమంటే, మా ఇంట్లో ఆ పనిని మరొకరు ముట్టుకోవడం నాకు సమ్మతం కాదు. అంచుకు అంచు కలిపి మడవడం ఈ కాలం వారికి రాదు.

‘చాకిరీ’ అన్న ఆ వాక్యం వినగానే కోడలు పొట్ట పట్టుకొని నవ్వింది.

“సెప్పు మావా వాళ్లకి! దుప్పటి మడత వంకరొచ్చిందని పొద్దున్న నన్నెన్ని మాటలన్నావో అదీ సెప్పు!”

ఈ విమర్శలన్నీ నిరర్థకమని నేననను. పొయ్యి వెనక గ్యాసు గొట్టం పగుళ్లిచ్చిందని, ముందు అది మార్చుకొని తర్వాత వంటలు చూపమని ఒక గృహిణి కటువుగా మందలించింది. వెళ్లి చూస్తే మాట నిజమే. మా అబ్బాయి ఆ రోజే కొత్త గొట్టం వేయించాడు. మేము రోజూ దాని పక్కన నిలబడి చూడనిదాన్ని ఎక్కడో కూర్చున్న ఆమె చూసింది. ఆమెకు మనసులోనే నమస్కరించాను.

అటు తర్వాత వచ్చింది ‘నువ్వు’.

ఒక వీడియోలో కోడలు నన్ను భోజనానికి పిలుస్తుంది. నేను వార్తాపత్రికలో ఉన్నాను, పలకలేదు. “మావా, నువ్వు ఆ పేపరు పక్కనెట్టి వస్తావా, కూర కుక్కకెట్టీమంటావా?” అంది. మా ఇంట్లో ఇది సాధారణమైన పిలుపు. ప్రేక్షకులకు అలా తోచలేదు. ఆ సాయంకాలం నా చేతికి వచ్చిన మొదటి అభిప్రాయం ఇది: ‘మామగారిని నువ్వు అంటుందా? ఎలాంటి పెంపకం!’

నేను ఒక క్షణం ఆగాను.

“ఆగిపోనావేటి? సదువు,” అంది.

ఉన్నదున్నట్టు చదివాను. బొట్టును, గిన్నెలను, మరమరాలను గురించి ఎంతమంది ఎన్ని అన్నా నవ్విన పిల్ల ‘పెంపకం’ అన్న మాట దగ్గర నవ్వలేదు. అది ఆమెను దాటి, చనిపోయిన తండ్రికీ, నిమ్‌పురాలో ఉన్న తల్లికీ తగిలింది. తరువాతివి కూడా అదే ధోరణిలో ఉన్నాయి. ‘పెద్దాయన ముఖం చూడండి, లోపల ఎంత కుమిలిపోతున్నారో’ అని ఒకరు నా పక్షాన విచారించారు. అది నా మామూలు ముఖం. దానిని చూసి కొన్ని తరాల విద్యార్థులు పద్యాలు అప్పజెప్పారు.

మర్నాటి వీడియోలో ఆమె తనంతట తానుగా మర్యాద ప్రారంభించింది. “మామయ్యగారూ, మీరు అన్నం తిన్నావా?” అన్నది. విని నేను ఉలిక్కిపడ్డాను, లోకం నవ్వింది. ‘మీరు తిన్నావా అట!’ అని ఆ మాటనే పట్టుకొని ఒకరి కింద ఒకరు వ్రాశారు. ఆంధ్రదేశంలో పుట్టినవారు ఇటువంటి తప్పు చేయరు. మూడు భాషల నడుమ పెరిగి, తెలుగులో పెద్దవారిని సైతం నువ్వు అనడమే ప్రేమగా నేర్చుకున్న మా వాళ్లు మాత్రమే చేస్తారు. ‘మీరు’ను తెచ్చి ముందు నిలబెడతారు, క్రియ మాత్రం పాత అలవాటున ‘నువ్వు’ వెంటే పోతుంది.

కోడలు టీ గ్లాసు కింద పెట్టి నా ఎదుట కూర్చుంది.

“మావా, నాకు ‘మీరు’ నేర్పు.”

తెలుగు నేర్పమని అడిగితే కాదనలేను. వరండాలో పాఠం మొదలైంది. తిన్నావు, తిన్నారు. రా, రండి. కూర్చో, కూర్చోండి. ఆమె కాసేపు బుద్ధిగా చెప్పింది. తర్వాత ఆగి అడిగింది:

“మావా, సాయంత్రం ప్రార్థనలో దేవుణ్ణి ‘నీవు’ అంతాం గదా?”

“అంటాము.”

“దేవుణ్ణి నువ్వనొచ్చు, నిన్ను మాత్రం మీరనాలేటి? నువ్వు ఆయన కన్నా పెద్దోడివేటి?”

“ఇది వ్యాకరణం తరగతి. వేదాంతం కాదు. ‘వెళ్లు’కు గౌరవరూపం చెప్పు,” అన్నాను. నా దగ్గర సమాధానం లేనప్పుడు ఎప్పుడూ ఇలాగే చేశాను.

చెప్పింది. ఆ తర్వాత ప్రతిరోజూ చెప్పింది. ఆమె తెలివైన శిష్యురాలు. కొద్దికాలంలోనే క్రియలన్నీ దారికి వచ్చాయి. వీడియోలో వినిపించడమే గాక, నాలుక మళ్లీ తప్పకూడదని ఫోను లేనప్పుడు కూడా అలాగే మాట్లాడసాగింది. ‘ఇప్పుడు బాగుంది చెల్లీ, సంస్కారం అంటే ఇదీ’ అన్న అభిప్రాయాలు వచ్చాయి. వాటిని చదివి వినిపించినప్పుడు ఆమె తల ఊపి ఊరుకుంది. క్రమాన్ని కోరే మనిషిని నేను. ఇంట్లో క్రమం నెలకొన్నది. నాకు సంతోషం కలగవలసింది.

కలగలేదు. ఎందుకో మొదట టీ దగ్గర తెలిసింది. నాకు చక్కెర జబ్బు ఉంది. ఇంతకు పూర్వం నేను రెండో చెంచా వైపు చేయి చాచగానే “ఆ సెయ్యి ఎనక్కి తీస్తావా, విరగ్గొట్టీమంటావా?” అనేది. ఇప్పుడు “మామయ్యగారూ, చక్కెర తక్కువగా వేసుకుంటే మంచిదండి” అని పక్కకు తప్పుకుంటున్నది. మర్యాద గల మనిషిని ఎవరు లెక్కచేస్తారు? నేను రెండో చెంచా వేసుకొని ఏ అడ్డంకీ లేకుండా తాగాను. అంత తియ్యటి టీ తాగుతూ అంత చిన్నబోయిన సందర్భం నాకు మరొకటి లేదు.

నా కుమారుడు డ్యూటీ దిగి వచ్చి, ఆమె “వడ్డించమంటారా?” అని నన్ను అడగడం విని, బూట్లు విప్పుతూనే అన్నాడు: “ఏటి నాన్నా ఇది? ఇంటికి డీఆర్‌ఎం సాయెబు తనిఖీకొచ్చినట్టుంది!”

పక్క క్వార్టరులో రైల్వే ఆసుపత్రి నర్సుగా పనిచేసి విరమించిన బెంగాలీ ఆమె ఉంది. గోడ మీదుగా ఈ కొత్త పిలుపులు ఆమె చెవిన పడ్డాయి. నన్ను వరండాలో పట్టుకొని, తన బెంగాలీలో రహస్యంగా అడిగింది: “మాస్టర్‌మొశాయ్, కోడలితో గొడవ పడ్డారా?” లేదని, ఆమె పెద్దలను గౌరవించడం నేర్చుకున్నదని చెప్పాను. ఆమె నోరు వెళ్లబెట్టింది. “మా నాన్నను ఆయన పోయేదాకా నేను ‘తుమి’ అనే, అంటే మీ ‘నువ్వు’ అనే, పిలిచాను. ‘ఆపని’, అంటే మీ ‘మీరు’, అనేది బ్యాంకు మేనేజరుతో. సొంత మనిషితో ‘ఆపని’ అంటే మాటలు మానేసినట్టే!”

ఆ మాట లోపలికి దిగింది. నా భార్య పోయిన తరువాతి రోజులు జ్ఞాపకం వచ్చాయి. వచ్చినవారందరూ నన్ను ‘మీరు’ అన్నారు. ‘మీరు ధైర్యంగా ఉండాలి, మీరు పెద్దలు, మీకు తెలియనిది కాదు.’ ఆ మాటలు మర్యాదగా వచ్చి మర్యాదగా వెళ్లిపోయాయి. నేను కంచం ముందు కూర్చోవడం మానేశాను. అప్పటికి ఈ పిల్ల మా ఇంటికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఒక మధ్యాహ్నం కంచం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. “అత్త కోసం నువ్వేడిస్తే నానేటనను. ఏడుస్తా తిను. నువ్వు తిన్నేక నాను తింతాను, నాకు ఆకలేస్తంది” అంది. నేను తిన్నాను. ఆ రోజు ఆమె ‘మీరు’ అని ఉంటే నాకు కాదనడం సులువయ్యేది. మర్యాదకు మర్యాదగా వద్దని చెప్పవచ్చు. ఆ ‘నువ్వు’కు చెప్పలేకపోయాను.

ఈ సంగతి అన్నేళ్లూ నాలో ఉన్నా, దాని విలువ ఇదని గుర్తించే అవసరం రాలేదు. ఆ పిలుపు నా ఇంటి నుంచి పోయిన తరువాతనే గుర్తించాను. దానిని వెనక్కు తెచ్చుకోవాలి. ఎలా అడగాలో తెలియలేదు. నేర్పిన మాస్టారే పాఠం మరచిపొమ్మని చెప్పడం ఎలా?

ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చాము. కోడలు కోడికూర వండింది. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి ఉంది. నేను ముందు గదిలో ఉన్నాను. లోపలి నుంచి ఆమె గొంతు, ఒక్క దోషం లేకుండా, నేను నేర్పినట్టే వినవచ్చింది: “మామయ్యగారూ, భోజనం వడ్డించాను. దయచేసి రండి.”

వంటింటి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. చక్కని వాక్యం ఒకటి సిద్ధం చేసుకున్నాను. నోటి నుంచి మాత్రం మా అమ్మ మాట వచ్చింది.

“ఏటమ్మా, ఎవుల్ని పిలస్తన్నావు? ఆ గారూ గీరూ ఎవులూ ఈ ఇంట్లో నేరు. నన్నే అయితే నన్ను పిలు.”

గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది. నా కుమారుడు కంచం ముందు నుంచి తల ఎత్తి చూశాడు. తండ్రి నోట ఆ భాష వాడు కూడా విని ఎరుగడు.

“మావా!” అంది ఆమె. “నీకు మన మాట వస్తాదేటి?”

“రాక? మా అమ్మ నాకు ఇంగ్లీషులో జోలపాడిందేటి?”

“మరి ఇన్నేళ్లూ దాసుకున్నావేటి, దొంగ మావా?” అని ఆమె నవ్వడం మొదలుపెట్టి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్లన్నీ నవ్వువల్లనే వచ్చినవి కావు. “సరే. కూకో. ఈ ముక్క నీకే తీసినాను. రెండోది అడిగినావంటే సూడు.”

ఫోను నడుస్తూనే ఉందని ఆ తర్వాత తెలిసింది. ఆ భాగం తీసివేయనా అని అడిగింది. వద్దన్నాను.

ప్రేక్షకులు ఈసారి నన్నూ విడిచిపెట్టలేదు. మరునాటి సాయంకాలం ఆమె ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, ఎదురుగా కాళ్లు ముడుచుకొని కూర్చుంది. ‘తెలుగు మాస్టారట, ఈయన భాష ఇదా?’ అని ఒకరు. ‘కోడల్ని అని లాభం లేదు, పెద్దాయనకే మర్యాద తెలియదు’ అని ఇంకొకరు. ‘ఇద్దరూ ఇద్దరే’ అని మరొకరు. అన్నిటినీ ఉన్నదున్నట్టు చదివాను.

“ఆ ఆకర్ది మళ్లీ సదువు,” అంది.

మళ్లీ చదివాను.

“నిన్ను కూడా తిట్టినారు మావా! ఇంక నువ్వు నా జట్టు.” ఆమె ముఖంలో చాలా రోజుల తర్వాత ఆ పాత వెలుగు చూశాను.

మమ్మల్ని ఎన్నడూ కలవని ఈ మనుషులు వేలు పెట్టి చూపకపోతే, నాకు దక్కినదేమిటో తెలియకుండానే నేను కన్నుమూసి ఉండేవాణ్ణి. కఠినంగా మాట్లాడినవారికీ కృతజ్ఞత చెప్పడం విధి. ‘ఇద్దరూ ఇద్దరే’ అన్న వ్యాఖ్య కింద ‘ధన్యవాదాలు’ అని, ధ కింద ఒత్తు తప్పిపోకుండా, వ్రాయమన్నాను. ఎగతాళి చేస్తున్నామనుకుంటారేమోనని ఆమె సందేహించింది. అనుకోనీ అన్నాను. నేను వ్రాయించినది మాత్రం మనఃపూర్వకంగానే.