ఇంటిపేరు గడి

తెలంగాణ రాబోతున్న రోజులు. బీటెక్ అయిపోయి, గోదావరిఖనిలో మా బొగ్గుగని క్వార్టర్‌లోనే ఉంటూ, కాలనీవాళ్ళ ఫోన్ నంబర్లన్నీ దొరికే మొబైల్ యాప్ ఒకటి తయారుచేశాను. ఇంటిపేరు ఒకటే అయినవాళ్ళని ఒకే కుటుంబంగా చూపించడం అందులో నేను మురిసిపోయిన తెలివి. నేను కల్పించిన పేర్లతో అది చక్కగా పనిచేసింది కూడా.

ఇంటింటికీ ఫారాలు పంచి, అందరూ నింపి ఇచ్చినవి అందులో ఎక్కించి, ఆదివారం కమ్యూనిటీ హాల్లో తెరమీద చూపించాను. ముందుగా మా పక్క క్వార్టర్ రాజయ్య కాక పేరు నొక్కాను. ఆయన కుటుంబంలో నలుగురు మగవాళ్ళు కనిపించారు.

కాక భార్య లేచి నిలబడింది. "ఏందే బిడ్డా, గీ ముగ్గురు మొగోళ్ళు నా ఇంట్లకెట్ల జొచ్చిండ్రు?"

హాలంతా ఒకటే నవ్వు. "కోడ్‌లో చిన్న తప్పుంది" అని గొణుగుతూ లాప్‌టాప్‌లో వెతికాను. ఎంతకీ దొరకలేదు. చివరికి కాక ఫారం తీశాను. పేరు: పోశయ్య. ఇంటిపేరు: రాజయ్య.

"గిట్ల రాసినవేంది కాకా?"

"మా అన్న కాయితాల మీద గనిల జేరిన గదా బిడ్డా. డ్యూటీల పోశయ్య, ఇంట్ల రాజయ్య. ఇంటి పేరేందని నువ్వే అడిగితివి!"

మిగతా ముగ్గురూ అంతే. డ్యూటీలో ఎవరెవరో, ఇళ్ళలో మాత్రం రాజయ్యలే.

కోడ్‌లో తప్పు లేదు. మనిషికి ఒకే పేరుంటుందని నేను అనుకోవడమే తప్పు. బయటివాళ్ళు అలా అనుకున్నారంటే సరే. నా బీటెక్ పట్టా మీదున్న తండ్రి పేరుతో మా నాయనమ్మ తన కొడుకుని ఒక్కనాడూ పిలవలేదు.