కాగితం దూరని సొరుగులు

2013 ఆగస్టు 11, ఆదివారం. కోదాడ. ఉన్నవారు: ధాన్యం వ్యాపారి సత్యం సేటు, ఆయన తల్లి, మిర్యాలగూడ నుంచి వచ్చిన మిల్లు గుమాస్తా, ఐలయ్య, నేను. వాన.

ఈ మాటలున్న డైరీని ఇవాళ పొద్దున బయటికి తీశాను. సూర్యాపేటలో రెండు రోజులుగా ముసురు. ఇంట్లో తలుపులన్నీ ఉబ్బి మొరాయిస్తున్నాయి. డైరీలుండే సొరుగు మాత్రం వేలు తగలగానే మెత్తగా జారి వచ్చింది. వస్తూ వస్తూ లోపలి గాలిని నా ముఖం మీదికి నెట్టింది. టేకు పొట్టు వాసన. ఈ సొరుగు చేసిన ఐలయ్య పోయి ఆరు నెలలైంది. అయినా ఆ వాసనకు మొదట నిద్రలేచింది దుఃఖం కాదు, అసూయ.

నేను మిర్యాలగూడలో కాలువల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలు గీసి రిటైరయ్యాను. సెలవు రోజుల్లో అక్కడి ఒక ముసలి వడ్రంగి దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నాను. రిటైరయ్యాక సూర్యాపేటలో అదే నా కాలక్షేపం, నా గర్వం కూడా. ఒక చిన్న బీరువా చేయడానికి నాకు ఆరు నెలలు పట్టేది. వరండాలో ఒక టేకు పలకను మేకుకు వేలాడదీసి, ప్రతి నెలా ఒకటో తారీఖున దాని వెడల్పు కొలిచి డైరీలో రాసేవాణ్ణి. మేలో పదకొండు అంగుళాలుండే పలక ఆగస్టుకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పెరిగేది. ఎవరూ అడగని లెక్క అది. నా భార్య సుశీల మాత్రం అప్పుడప్పుడు అడిగేది: "పలకకు గూడ జాతకం రాస్తున్నవా?"

2011లో ఐలయ్య మా పక్కింట్లో కిరాయికి దిగాడు. చివ్వెంలలో గొర్ల కాపరుల ఇంట పుట్టినవాడు. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. వచ్చిన కొన్నాళ్లకే రేకుల షెడ్డులో ఏదో బిగించడం మొదలుపెట్టాడు. తుక్కు దుకాణంలో కొన్న ఇనుప చట్రం, హైదరాబాద్ నుంచి తెప్పించిన మోటార్లు, పాత కంప్యూటర్. సీఎన్‌సీ రూటరట. తెర మీద గీసిన బొమ్మను గిర్రున తిరిగే కోత మొన చెక్క మీద తనంతట తానే కోస్తుందని చెప్పాడు. నేను నమ్మలేదు. నమ్మాల్సి వచ్చిన రోజున, నేను నెల రోజులు చెక్కే జాలీ పలకను అది మేం చాయ్ తాగేలోగా కోసి పెట్టింది. అంచు మీద వేలు పెట్టి చూశాను. నునుపు. గొంతులో చాయ్ చేదైంది.

"ఎట్లుంది సార్?" అన్నాడు. వాడికి నా మీద గౌరవం. నన్నెప్పుడూ సార్ అనే పిలిచాడు, చనువుగా నువ్వు అంటూనే.

"మిషన్ బాగుంది," అన్నాను. పని బాగుందని అనలేకపోయాను.

కరెంటు పోయినప్పుడల్లా నాకు లోపల హాయిగా ఉండేది. మధ్యలో ఆగితే ఆ యంత్రం ఎక్కడున్నదీ మరిచిపోయేది, ఐలయ్య మళ్లీ మొదటి నుంచి కొలతలు చూపించాల్సి వచ్చేది. గోడ అవతల వాడి తిట్లు వింటూ నేను ఇవతల ఉలి నూరుకునేవాణ్ణి. నా ఉలికి కరెంటు అక్కర్లేదు కదా. ఆ సుఖం కూడా సుశీల దక్కనివ్వలేదు. "ఐలయ్యన్న చేసిన అల్మార చూసినవా? అద్దం లెక్కుంది," అనేది అన్నం వడ్డిస్తూ.

2013 వేసవిలో సత్యం సేటు మొదట నా దగ్గరికే వచ్చాడు. ఊరూరి నుంచి వచ్చే వడ్ల మచ్చులు దాచుకోవడానికి ముప్పై ఆరు చిన్న సొరుగుల బీరువా కావాలన్నాడు. ఎనిమిది నెలలు పడుతుందన్నాను.

"ఎనిమిది నెలలంటే రెండు పంటలు ఇంటికొస్తాయి సార్," అని నవ్వి, పక్కింటి తలుపు తట్టాడు. పని నచ్చితే మిర్యాలగూడ మిల్లుల వాళ్లకు చెప్పి అలాంటివే చేయిస్తానని ఐలయ్యకు మాటిచ్చాడు. ఐలయ్యకు అంతకంటే పెద్ద ఆశ లేదు.

గుండ్రంగా తిరిగే మొనకు లోపలి మూలలు చదరంగా తెగవు, కాస్త గుండ్రంగానే మిగులుతాయి. "జర నీ ఉలితోని మూలలు తీసిపెట్టు సార్," అని అడిగాడు. నీ మిషన్ వెనక నడిచే పని నా ఉలికి లేదన్నాను. వాడు నవ్వేసి, సొరుగుల మూలల్నే గుండ్రంగా కోసి సరిపెట్టాడు. మే 26న బీరువా చూడమని పిలిచాడు. సొరుగుకూ చట్రానికీ మధ్య కాగితం పెట్టి చూపించాడు. "దూరుతలేదు సార్. ఏమన్న లోపముంటే చెప్పు."

లోపం నాకు ఎదురుగానే ఉంది. మేలో కాగితం దూరకపోతే ఆగస్టులో సొరుగు కదలదు. ఫ్యాక్టరీలో ఇనుముతో బతికినవాడికి ఆ సంగతి తెలియదు. ఇనుము వాన నీళ్లు తాగదు. నాకు తెలుసు. దానికి రుజువు నా వరండాలో వేలాడుతూ ఉంది.

"బ్రహ్మాండం," అన్నాను. ఆ సాయంత్రం డైరీలో రాశాను: "ఐలయ్య సొరుగులు మరీ బిగువుగా కోశాడు. వానలకు పట్టేస్తాయి. చెప్పలేదు."

పట్టేశాయి. సేటు కబురు పెడితే ఆగస్టు 11న ఐలయ్య నన్నూ వెంటబెట్టుకుని కోదాడ వెళ్లాడు. మచ్చులు చూడటానికి వచ్చిన మిల్లు గుమాస్తా ఎదుట సేటు ఒక్కో సొరుగూ లాగుతున్నాడు. ఒక పిడి ఊడి చేతికొచ్చింది.

"ఇది బీరువానా, బ్యాంకు లాకరా?" అంది సేటు తల్లి. "తాళం లేకుండానే పడింది!"

గుమాస్తా పగలబడి నవ్వాడు. "మా మిల్లుకైతే వద్దు సేటూ. మా మచ్చులు మాకు కావాల."

ఐలయ్య తల వంచుకుని, "తప్పు నాదే, తీస్కపోయి మంచిగ చేసి తెస్త," అన్నాడు. నేను వాడి పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

బీరువాను ట్రాలీ ఆటోలో కట్టుకుని తిరిగి వస్తుంటే వాడే అన్నాడు: "సార్, నీ వరండల పలక ఉన్నది గదా. గది ఎండకెంత, వానకెంత ఉంటదో రాస్తవట, సుశీల చెల్లె చెప్పింది. జర ఆ లెక్క ఇస్తవా?"

ఇంటికొచ్చి అంకెల్ని వేరే కాగితం మీద రాయబోయాను. రెండు నెలలవి రాశాక చేయి ఆగింది. కాగితం చించేసి డైరీనే పట్టుకెళ్లి వాడి చేతిలో పెట్టాను. మే పేజీలు దాటకుండా ఆగస్టుకు రావడం కుదరదని తెలిసే పెట్టాను. ఇప్పుడు ఎవరి పనిలోనైనా లోపం కనిపిస్తే డైరీ కన్నా ముందు వాళ్లకే చెబుతాను. అదేమీ మంచితనం కాదు. ఆ రాత్రి నిద్ర పట్టని సంగతి నాకింకా గుర్తుంది, అంతే.

మర్నాడు పొద్దున గోడ అవతల యంత్రం చప్పుడు ఆగి, "సార్, జర ఇటు రా," అని కేక వినిపించింది. వెళ్లాను. పొట్టు పడిన బల్ల మీద డైరీ మే 26 దగ్గర తెరిచి ఉంది.

"రెండున్నర నెలలు కడుపుల పెట్టుకొని ఎట్ల తిరిగినవ్ సార్? నాకైతే అజీర్తి చేసేది."

"ఐలయ్యా, నేను..."

"ఆగు, ముందుగాల ఇది సూడు." సగం నూలు తగ్గించి కోసిన సొరుగును చట్రంలోకి తోశాడు. మెత్తగా జారింది. "నీ లెక్క సరిగ్గ కూసున్నది." తర్వాత నవ్వు ఆపి నా కళ్లలోకి చూశాడు. "రాసుకున్నదానికి నాకేం లేదు. కని నిన్న గుమాస్తా నవ్వుతుంటే పక్కన్నే నిలబడ్డవ్ సూడు, గది నొచ్చింది."

నా జవాబు కోసం వాడు ఆగలేదు. "ఇగ ఉలి తెచ్చుకో. గుండ్రం మూలలే ముందుగాల పట్టుకుంటున్నయి, ఈసారి చదరంగ తియ్యాలె. నూట నలభై నాలుగు మూలలు. మిషన్‌కు రావు, నీకొస్తయి."

ఇంటికెళ్లి ఉలి నూరుతూ కూర్చున్నాను. అంతవరకు నేను ఈర్ష్యపడింది వాడి యంత్రాన్ని చూసి. ఇప్పుడు దాన్ని మరిచిపోయాను. నొచ్చిందని మనిషి మొహం మీదే చెప్పి, మరుక్షణం అతనికే పని పురమాయించాడు. అది నాకు నలభై ఏళ్ల డైరీల్లో ఎక్కడా చేతకాలేదు. ఉలి తీసుకుని మళ్లీ గోడ దాటి వెళ్లాను.