రఫీ అన్న కొట్టని లాగిన్

నిన్న మధ్యాహ్నం విజయవాడ ఆసుపత్రి నుంచి రఫీ అన్న తమ్ముడు సలీం ఫోన్ చేశాడు.

"అన్న పోయాడు" అన్నాడు. అంతే.

ఫోన్ గోడకేసి కొట్టాను. ఇది వేరేవాళ్ళ సిస్టమ్‌లో టైప్ చేస్తున్నాను.

తెలియనివాళ్ళకి చెబుతున్నా. తిరువూరు బస్టాండ్ పక్కన నెట్ సెంటర్ అన్నదే. పత్తి మిల్లులో ట్రాక్టర్లు తూచే కాటా కంప్యూటర్ మొరాయిస్తే, అక్కడికి వెళ్ళకుండా రిమోట్ డెస్క్‌టాప్‌లో సెంటర్‌లోంచే బాగుచేసేవాడు.

నాకూ నేర్పాడు. మొదటిసారి యూజర్ నేమ్ దగ్గర అడ్మినిస్ట్రేటర్ అని కొట్టాను. అన్నీ తెరుచుకుంటాయి కదా అని.

నెత్తిన ఒక్కటి మొట్టాడు.

"అధికారం నశించాలని ఊరంతా కరపత్రాలు పంచుతావు. కుర్చీ కనపడగానే ఎక్కేస్తావేంట్రా కామ్రేడ్? తూకం చూడ్డానికి ఆపరేటర్ లాగిన్ చాలు. పనికి ఎంత కావాలో అంతే తీసుకో."

ఆ మాట నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు.

పోయిన వారం, పట్టపగలు, మిల్లు ఓనర్ కొడుకు ముగ్గురు మనుషులతో వచ్చి సెంటర్ షట్టర్ దించాడు. నేను లోపలే ఉన్నాను.

అప్పుడు మిల్లు దగ్గర ఎ.కొండూరు రైతుల పత్తి ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. మన రైతులు కాటా గది గుమ్మంలోనే కూర్చుంటారు. ఆపరేటర్ చేతుల మీదే అందరి కళ్ళు. అక్కడ మోసం చెయ్యలేక వీళ్ళు ఇక్కడికొచ్చారు.

"బండికి కొంచెం తూకం తగ్గేలా సెట్టింగ్ మార్చు. ఎవడికీ కనపడదు" అన్నాడు ఓనర్ కొడుకు.

అన్న ఆపరేటర్ లాగిన్ కొట్టాడు. మిల్లు స్క్రీన్ వచ్చింది.

"ఓపెనైందిరా!" అని వాడు ఎగిరాడు. అన్న ఏ పేరుతో లోపలికెళ్ళాడో చూడనేలేదు. సెట్టింగ్ నొక్కాడు. పర్మిషన్ లేదంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ.

"ఏంట్రా ఇది?"

"ఈ లాగిన్‌కి తూకం చూడ్డమే సార్. మార్చడం కుదరదు."

"కుదిరేది కొట్టు."

"అదీ తెలుసు. కొట్టను."

కీబోర్డు లాక్కుని దానితోనే అన్న మొహం పగలగొట్టారు. చేతులు టేబుల్ మీద చాపించి రాడ్‌తో వేళ్ళు చితక్కొట్టారు. దెబ్బ దెబ్బకీ "పాస్‌వర్డ్ చెప్పరా" అని అరుపు. నేను ఒకడి చెయ్యి కండ ఊడేలా కొరికాను. నన్ను ఇనప బీరువా మీదకి విసిరారు, నుదురు చీలింది. కళ్ళలోకి కారుతున్న రక్తంలోంచే చూశాను. మానిటర్ ఎత్తి అన్న తల మీద వేశారు. పాత డబ్బా మానిటర్. ఎంత బరువుంటుందో మీకు తెలుసు.

అన్న చెప్పలేదు.

ఆ రోజు ట్రాక్టర్లన్నీ సరైన తూకంతోనే దిగాయి. రైతులు ఇళ్ళకెళ్ళి అన్నం తిన్నారు. వాళ్ళకేం తెలుసు?

ఇవాళ తెలిసింది. భుజాల మీద మోసుకెళ్తున్న అన్న జనాజా వెనక ఆ ట్రాక్టర్లే వచ్చాయి. ఒక పెద్దాయన నా భుజం పట్టుకున్నాడు.

"మేం అక్కడ ఆపరేటర్ చేతులే చూస్తా కూర్చున్నాం బాబూ. ఇక్కడ ఈ పిల్లాడి చేతులు..."

నా భుజం వదిలి ట్రాక్టర్ వైపు నడిచాడు.

ఆ మిల్లు తగలబెట్టాలని ఉంది. దాచను.

రఫీ అన్నా, ఆ మట్టి నీకు మెత్తగా ఉండాలి. ఏ నొప్పీ లేకుండా పడుకో.

శాంతి నీకు. మాకు అప్పుడే వద్దు.