ఈల వేయకముందే దించిన కుక్కర్

ఆసుపత్రి ల్యాబులో ఆమె ఆడవాళ్ల అండాశయాలను కుక్కర్లో ఉడికించి ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. సరే, అండాశయాలు కాదు. వాటిలో పెరిగిన కణితి నుంచి ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజుపలకలకు అంటించిన ముక్కలు. ప్రాణాలు నిలబెట్టేది కూడా డాక్టర్లే అనుకోండి. కుక్కర్ మాత్రం నిజం. ఉడికితే తప్ప ఆ ముక్కలకు రంగు పట్టదు.

రంగెందుకంటే, కొన్ని కణితుల్లో ఒక ఎంజైము దొంగలా నక్కి ఉంటుంది. కీమో మందు లోపలికి రాగానే, అది పని మొదలుపెట్టకముందే నమిలేస్తుంది. ఎంజైము ఉంటే ముక్క గోధుమరంగుకు తిరుగుతుంది. తిరిగిందా, మందు మార్చాల్సిందే.

ఆ రోజు బల్ల మీదికొచ్చిన ముక్క సొంత అక్కది. మధ్యాహ్నమే అక్కకు మొదటి కీమో.

మైక్రోస్కోపులో చూస్తే గోధుమ చుక్క ఒక్కటీ లేదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అంతలో పై వార్డు నుంచి అక్క ఫోను.

"ఏమే, బాగుందా?"

"బాగుం..." అనబోయి ఆగింది. చెయ్యి అలవాటుగా పక్క పలకను లాగింది. ప్రతిసారీ తోడుగా ఉడికించే కాలేయం ముక్క అది. కాలేయంలో ఆ ఎంజైము పుష్కలం, రంగు రాక తప్పదు. దాని మీదా చుక్క లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున కాలు నిలవక, ఈల వేయకముందే కుక్కర్ దించేసింది. అసలు రంగే పట్టలేదు.

"నోరు పడిపోయిందా?" అంది అక్క.

"సరిగా ఉడకలేదక్కా. మళ్లీ పెడతా."

"చిన్నప్పట్నుంచీ అంతేగా, నువ్వు వండితే అన్నం పలుకే!"

డాక్టరమ్మ తలుపు దగ్గరికొచ్చింది. "వార్డువాళ్లు తొందరపెడుతున్నారు. మందు కలపమననా?"

"వద్దు మేడమ్. నేనే చెడగొట్టాను. కాలేయానికీ రంగు రాలేదు."

"సరే, ఆపిస్తా. ఈసారి కుక్కర్ వంక చూడు, గడియారం వంక కాదు."

రెండోసారి ఈల దాకా కదల్లేదు. కాలేయం గోధుమరంగుకు తిరిగింది. తర్వాత అక్క ముక్కను కళ్లు మూసుకుని మైక్రోస్కోపు కింద పెట్టిందంటారు. తెరిచి చూస్తే అంచు నుంచి అంచుదాకా గోధుమరంగే. ఆ మందే ఎక్కించి ఉంటే బూడిదలో పోసిన పన్నీరయ్యేది.

మందు మార్చారు. అక్క జుట్టు ఊడింది, కణితి కరిగింది, జుట్టు మళ్లీ మొలిచింది. నోరు మాత్రం అలాగే ఉంది. నేను ఇదంతా రాసి చదివి వినిపిస్తే ఆ చెల్లెలు విసుక్కుంది.

"శుద్ధ అబద్ధం. నేను కుక్కర్ ముందే దించలేదు, కళ్లూ మూసుకోలేదు. అసలు మా ల్యాబులో కుక్కరే లేదు."