బుడాపెస్ట్ వేడినీళ్ళలో నాన్న చెప్పిన మాట

యూరప్ పోదామన్నది నేను కాదు, నాన్న. పక్క కాలనీలో పెళ్ళికి పిలిస్తేనే మోకాళ్ళ నొప్పి గుర్తుకొచ్చే మనిషి, ఒక ఆదివారం ఇడ్లీ తింటూ, "జర ఏదన్న దూరం పోయొద్దాం బిడ్డా. నాలుగు రోజులు చాలు. నీకు ఆఫీసు ఫోన్లు రాని జాగ అయితే మంచిది," అన్నాడు.

అమ్మ పోయి నాలుగేళ్ళవుతోంది. కరెంటాఫీసులో ఇంజనీరుగా రిటైరైన నాన్నకు అప్పటి నుంచి లోకమంటే తెల్లాపూర్‌లో మా గేటెడ్ కమ్యూనిటీ వాకింగ్ ట్రాక్, క్లబ్‌హౌస్‌లో చదరంగం బల్ల. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగితే కాదనబుద్ధి కాలేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో నేను పనిచేసే ఆఫీసులో సెలవు దొరకడం వీసా దొరకడం కంటే కష్టమైంది. పారిస్, రోమ్ కంటే ఖర్చు తక్కువనీ, అక్కడి వేడినీటి స్నానాలు మోకాళ్ళకు మంచివనీ మా టీమ్‌లో ఒకమ్మాయి చెబితే బుడాపెస్ట్ ఖాయం చేశాను.

మార్చి చివరి వారం, బుధవారం పొద్దున ఆరింటికి క్యాబ్ ఎక్కాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ ముప్పావు గంట. సెక్యూరిటీ దాటాక గేటు దగ్గర నన్ను కాఫీకి పంపించి నాన్న ఫోన్ పట్టుకున్నాడు. నేను రెండు కప్పులతో తిరిగొచ్చేసరికి, "అవునండి. తిన్ననండి. కిటికీ సీటేనండి," అంటున్నాడు.

నాన్న జీవితంలో ఎవరినీ అండి అనలేదు. పై అధికారులను కూడా సార్ అనేవాడు. ఇప్పుడు వినబడిన మాటలో క్రియ మాది, తోక గుంటూరు వైపుది.

"ఎవరు నాన్నా?"

"ఇన్సూరెన్సోళ్ళు," అన్నాడు, కాఫీ ఊదుకుంటూ. ప్రయాణికుడి సీటు గురించి కూడా ఆరా తీసే మంచి ఇన్సూరెన్స్ కంపెనీ అనుకుని ఊరుకున్నాను.

గల్ఫ్‌లో విమానం మారాం. రెండో విమానంలో నాన్న పక్కన ఒక హంగేరీ ముసలామె కూర్చుంది. భోజనం ఆలస్యమైతే నాన్న సంచిలోంచి సకినాల డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఒకటి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గాజులా చేతికి ఎక్కించబోయింది. నాన్న పళ్ళు చూపించి కొరికే అభినయం చేశాడు. ఆమె కొరికింది, తల ఊపింది, మరొకటి అడిగి తీసుకుని రుమాలులో చుట్టి హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది.

"మనుమనికి అనుకుంట," అన్నాడు నాన్న, ఎంతో తృప్తిగా.

రాత్రి ఎనిమిదికి దిగాం. విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకు నేరుగా బస్సు ఉంది. టిక్కెట్టు కొనడమే కాదు, బస్సెక్కాక దాన్ని మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. వెళ్ళేవాళ్ళు ఇది మరిచిపోవద్దు. మేం దిగిన చిన్న హోటల్లో రిసెప్షన్ అమ్మాయి మా పాస్‌పోర్టులు చూసి, వివరాలు రాసుకుంటూ, తమ దేశంలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసుకుంటామని చెప్పింది. తెలుగులోకి మార్చి చెబితే నాన్న ముఖం వెలిగిపోయింది.

"అమెరికావోళ్ళు పేరును తిరగేసి పిలుస్తరు. వీళ్ళు మనలెక్కనే ఉన్నరు గదా," అన్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులూ హంగేరీ వాళ్ళు ఏం చేసినా ఆయనకు తప్పుగా కనబడలేదు.

గురువారం రెండో నంబరు ట్రామ్ ఎక్కాం. డాన్యూబ్ నది ఒడ్డునే పోతుంది. ఒక పక్క పార్లమెంటు, అవతలి ఒడ్డున కొండ మీద కోట. వేరే టూరు బస్సు అవసరం లేదు. మూడు రోజుల పాస్ తీసుకుంటే ట్రామ్, బస్సు, మెట్రో అన్నిటికీ చెల్లుతుంది. అందరూ ఎడమ కిటికీ, కుడి కిటికీ అని మెడలు తిప్పుతుంటే నాన్న మాత్రం తల పైకెత్తి చూస్తున్నాడు.

"పార్లమెంటు అటుంది నాన్నా."

"చూసిన. ఈ తీగలు చూడు. ఇంత ఊర్ల ఒక్క తీగ కూడ యాలాడుతలేదు."

మధ్యాహ్నం లాంగోష్ అనే తిండి తిన్నాం. నూనెలో వేయించిన పెద్ద రొట్టె, పైన వెల్లుల్లి నీళ్ళు, పుల్లటి మీగడ, చీజ్ తురుము. మన భటూరాకు పెద్దన్నయ్య అనుకోండి. ఒకటి తెచ్చుకుంటే ఇద్దరికి సరిపోతుంది. నాన్న చీజ్ మొత్తం నా వైపు తోసి, సంచిలోంచి నిమ్మకాయ కారం తీసి రాసుకున్నాడు. సాయంత్రం వంతెన మీద నడిచాం. ఆయన మోకాళ్ళు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. మధ్యమధ్య ఆగి నది ఫోటోలు తీసి ఎవరికో పంపుతున్నాడు. అమ్మ పోయాక ఆయన ఇంత హుషారుగా ఉండడం చూడలేదు. ఈ ఘనత నాదేననుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

శుక్రవారం స్నానాలు. పసుపు రంగు మెట్రోలో పార్కు దగ్గర దిగితే ఎదురుగా రాజభవనం లాంటి కట్టడం. లోపలికి పోతే ఆకాశం కింద పెద్ద కొలను, నీళ్ళ మీద దట్టమైన ఆవిరి. బయట చలి, నీళ్ళు మన గీజర్ నీళ్ళంత వేడి. రబ్బరు చెప్పులు, తువ్వాలు ఇంటి నుంచే తెచ్చుకోండి. మోకాళ్ళ దాకా వచ్చే ఈత డ్రెస్ నేను మాదాపూర్‌లో కొనుక్కున్నాను. నాన్నకు నిక్కరు కొన్నాను గానీ బనీను సంగతి ఆలోచించలేదు. నూలు బనీనుతో దిగబోతుంటే అక్కడి ఉద్యోగి ఆపి, విప్పమని సైగ చేశాడు.

"ఇంత మంది ముందటనా?" అని నాన్న చుట్టూ చూశాడు. ఆ ఇంత మందిలో బనీను ఉన్నది ఆయన ఒక్కడికే. విప్పి, రెండు చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకుని, మెడ లోతు దాకా గబగబా దిగిపోయాడు.

కొలనులో ఒక మూల మనుషులు నీళ్ళలో నిలబడి చదరంగం ఆడుతున్నారు. తెల్ల మీసాల పెద్దాయన ఒకడు నాన్నను రమ్మని పిలిచాడు. క్లబ్‌హౌస్‌లో అందరినీ ఓడించే నాన్న ఇక్కడ చూస్తుండగానే మంత్రిని పోగొట్టుకుని ఓడాడు, రెండోసారీ ఓడిపోయి నా దగ్గరకు వచ్చాడు.

"ఏంది నాన్నా, మంత్రిని అట్ల ఇచ్చేసినవ్?"

"ఆట మీద మనసు లేదు." నా పక్కకు జరిగాడు. "మాధవీ, నీకొక ముచ్చట చెప్పాలె. సి బ్లాకుల రాజ్యలక్ష్మి టీచర్ ఎరుకనే గదా."

ఎరుకే. తెనాలి దగ్గర లెక్కల టీచరుగా చేసి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నారు. భర్త పోయి చాలా ఏళ్ళయిందని విన్నాను. చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని ట్రాక్ మీద నడుస్తారు. నాకు తెలిసి మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

"ఏమైంది ఆమెకు?"

"ఏం కాలే. మంచిగనే ఉన్నరు. మేమిద్దరం రిజిస్టరాఫీసుకు పోదామనుకుంటున్నం."

"ప్లాటా? యాడ? శంకర్‌పల్లి దిక్కు వద్దు నాన్నా, అన్నీ లొల్లిల ఉన్నయి."

"ప్లాటు గాదు బిడ్డా," అన్నాడు నాన్న. "పెండ్లి."

మా బంధువులు పదేళ్ళుగా ఎక్కడ కనబడినా నా పెళ్ళెప్పుడని అడుగుతున్నారు. పెళ్ళికొడుకు ఇప్పుడు నా ఎదురుగా వేడినీళ్ళలో మెడ వరకు మునిగి కూర్చున్నాడు.

"నువ్వు సరే అంటెనే," అన్నాడు మళ్ళీ. "ఆమె మాట గూడ అదే. ఇంట్ల చెప్తమంటే నీకు మీటింగ్ ఉంటది. లేకుంటె తలుపేసుకుంటవ్. ఈడనైతే నీళ్ళల్లకెల్లి యాడికి పోతవ్ అనుకున్న."

"నీళ్ళు మరీ వేడిగ ఉన్నయి," అన్నాను. అని, పైకి ఎక్కేశాను. ఆ చలిలో తడి బట్టలతో పరుగెత్తి, బట్టలు మార్చుకునే గదిలో తువ్వాలు చుట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం సూపు తాగాం, పడుకున్నాం. మాట్లాడుకున్నవి ఉప్పు ఇటివ్వు, ఫోన్ చార్జర్ యాడుంది, అంతే. నాకు కోపమో, దిగులో తెలియలేదు. అమ్మ కుట్టుమిషను ఇంకా హాల్లోనే ఉంది, సూదిలో ఆమె ఎక్కించిన నీలం దారం అలాగే ఉంది. దాని పక్కన ఇంకొకామె చెప్పులు విడుస్తుందా? నాన్నే ఆ ఇంటికి పోతే నేను ఒక్కదాన్నే ఆ దారాన్ని చూస్తూ కూర్చోవాలా? ఇదంతా ఎంతకాలంగా జరుగుతోంది, ఒకే ఇంట్లో ఉంటూ నాకెందుకు తెలియలేదు?

శనివారం పొద్దున పదహారో నంబరు బస్సులో కోట కొండ ఎక్కాం. తెల్లరాతి బురుజుల మీద నుంచి నగరమంతా కనిపిస్తుంది. పొద్దున్నే వెళ్ళండి, తొమ్మిది దాటితే ఫోటోలు తీసుకునేవాళ్ళ మధ్య నిలబడే చోటుండదు. నాన్న ఫోన్ నాకిచ్చి టాయిలెట్ వెతుక్కుంటూ పోయాడు. ఆయన అటు పోగానే ఫోన్ మోగింది. తెర మీద పేరు 'ఆర్ టీచర్'. తీశాను.

"ఏవండీ, బీపీ మాత్ర వేసుకున్నారా? మఫ్లరు చుట్టుకున్నారా?"

"నేను ఆంటీ, మాధవిని."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. 

"మాత్ర వేసుకున్నారు," అన్నాను. "మఫ్లర్ హోటల్లో మర్చిపోయారు."

"మర్చిపోలేదమ్మా," అన్నారామె నెమ్మదిగా. "ఆయనకి ఉన్ని గుచ్చుకుంటుంది. మర్చిపోయానని చెప్తారు. లోపల నూలు కండువా చుట్టి పైన కట్టుకోమను."

ఆ మఫ్లర్ మూడేళ్ళ క్రితం నేను కొన్నది. ప్రతి చలికాలం ఎక్కడో ఒకచోట మర్చిపోతూనే ఉన్నాడు, వయసు మీద పడుతోందని నేను బెంగపెట్టుకుంటూనే ఉన్నాను.

"చెప్పారా నీకు?" అన్నారు.

"నిన్న చెప్పారు."

"నువ్వేమన్నావు?"

"నీళ్ళు వేడిగా ఉన్నాయన్నాను."

ఆమె చిన్నగా నవ్వారు. "నీదే నయం. నేను మా వాడితో చెబుదామని కూర్చోవడం, టీ పెడతానని లేచిపోవడం. మా ఇంట్లో టీ పొడి అయిపోతోంది గానీ మాట బయటికి రావట్లేదు." తర్వాత గొంతు మారింది. "చూడమ్మా, నీకు ఇష్టం లేకపోతే నాతో చెప్పు. ఆయనతో అనొద్దు. నాకే మనసు మారిందని నేనే చెప్పి ఆగిపోతాను. ఆ మాట నీ వల్ల అని ఆయనకి తెలియక్కర్లేదు. మీ ఇద్దరూ ఒక ఇంట్లో ఉండాల్సినవాళ్ళు."

బురుజు అంచు రాతి మీద చేయి వేసి నిలబడ్డాను. రాత్రంతా నేను వెతికిన మార్గం అదే, ఎవరి మనసూ నొప్పించకుండా దీన్ని ఆపే మార్గం. ఆమె దాన్ని తెచ్చి నా చేతిలో పెడుతున్నారు, తన పేరు మీద. తీసుకోవడానికి నాకు చేయి రాలేదు.

"అట్లా చేయకండి ఆంటీ," అన్నాను. "నాకు కొంచెం టైమ్ కావాలి, అంతే. ఇప్పుడే అమ్మా అని పిలవమంటే నా వల్ల కాదు."

"పిలవకు. మేడమ్ అను. ముప్పై ఏళ్ళు ఆ పిలుపే అలవాటు."

నవ్వొచ్చింది. అంతలో నాన్న, మూత్రానికి కూడా కార్డు గీకాల్సి వచ్చిందని గొణుక్కుంటూ వచ్చాడు. ఫోన్ ఆయన చేతికిచ్చి, "టీచర్ గారు. మఫ్లర్ సంగతి అడుగుతున్నరు," అన్నాను. ఆయన ఫోన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. నేను నది వైపు తిరిగి ఫోటో తీసుకోసాగాను. చాలాసేపటికి వెనకనుంచి, "ఆఁ, పక్కనే ఉన్నదండి. నగుతున్నదండి," అని వినబడింది.

మధ్యాహ్నం పెద్ద మార్కెట్‌కు పోయాం. శనివారం తొందరగా మూస్తారు, ఆదివారం అసలు తెరవరు. ఎక్కడ చూసినా ఎర్రటి మిరపపొడి సంచులు. నాన్న వేలితో కొంచెం నాకి, "ఇది రంగు, కారం గాదు," అని తేల్చాడు. కొట్టామెకు సైగ అర్థమై లోపలి నుంచి మరో డబ్బా తెచ్చింది. నాన్న అదీ నాకాడు. కళ్ళు తుడుచుకుని, ఆ డబ్బా రెండు కావాలన్నాడు.

"ఆమె కారం తింటరా?" అన్నాను.

"గుంటూరు దిక్కోళ్ళకు ఇది పెరుగన్నమే."

పై అంతస్తులో ఎంబ్రాయిడరీ దుకాణాలున్నాయి. ఆయన ముదురాకుపచ్చ శాలువా పట్టుకుని, ఎవరికో చెప్పకుండా, ఎట్లుంది అన్నాడు. అది తీసేసి, తెలుపు మీద ఎర్రపూలు కుట్టిన నూలుది తీసి ఇచ్చాను. అమ్మకు ముదురాకుపచ్చ ఇష్టం. ఆయనకు అది గుర్తుందో, చేయి దానంతటదే పోయిందో అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. బుడాపెస్ట్ చూడడానికి మూడు పగళ్ళు చాలు, వృద్ధులకు ట్రామ్‌లు సులువు, తిండికి ఇబ్బంది లేదు, మనుషులు ముక్తసరిగా మాట్లాడినా దారి అడిగితే చివరిదాకా చూపిస్తారు. పెద్దవాళ్ళను తీసుకుపోతే మనం చూపిస్తున్నామని అనుకుంటాం. నాలుగు రోజుల్లో నేను ఎక్కువగా చూసింది మా నాన్ననే. ముప్పై రెండేళ్ళుగా పక్కనున్న మనిషిలో చూడనిది ఇంత మిగిలి ఉందని విమానంలో ఆయన నోరు తెరిచి నిద్రపోతుంటే అనిపించింది.

తెల్లారేసరికి శంషాబాద్. క్యాబ్ తెల్లాపూర్ చేరేసరికి వాకింగ్ ట్రాక్ మీద జనం. రాజ్యలక్ష్మి గారు మమ్మల్ని చూసి ఆగారు. నాన్న నా వెనక సూట్‌కేసు పిడి సరిచేస్తున్నట్టు వంగాడు.

"ఇంటికి రండి మేడమ్," అన్నాను. "టీ తాగుదాం. మా ఇంట్లో పొడి చాలానే ఉంది."

ఆమె ఒక్క క్షణం నాన్న వైపు చూసి, నాతో పాటు నడిచారు. ముగ్గురం, రెండు సూట్‌కేసులు, లిఫ్టులో ఇరుక్కున్నాం. నా రెండు చేతులూ ఖాళీ లేవు, నాన్న చేతులూ ఖాళీ లేవు. ఆమె ఎవరినీ అడగకుండా మా తొమ్మిదో అంతస్తు బటన్ నొక్కారు.

నొక్కాక గానీ తానేం చేశారో ఆమెకు తెలియలేదు. నేను నాన్న వైపు తిరిగాను. ఆయన, లిఫ్టులో ఒకేసారి ఎందరు ఎక్కవచ్చో రాసి ఉన్న రేకును మహా శ్రద్ధగా చదువుతున్నాడు.