శివారు మడి మీద గెలుపు

చదువయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం పటమటలో, వరి పైరు మీద కొట్టే బలం మందు అమ్మే చిన్న కంపెనీలో. గణాంకశాస్త్రం చదివాను కాబట్టి నన్ను ‘పరిశోధన విభాగం’ అనేవారు. ఆ విభాగంలో నేనూ, ఒక ఫ్యానూ ఉండేవాళ్లం.

నేను చేరేసరికే పామర్రు దగ్గర ఒక రైతు పొలంలో ప్రయోగం అయిపోయింది. ఒక మడికి మందు కొట్టారు, ఇంకో మడికి కొట్టలేదు. మేనేజరు గారు దిగుబడి అంకెలిచ్చి గ్రాఫ్ గీయమన్నారు. మందు మడి గెలిచింది గానీ, సున్నా నుంచి గీస్తే ఆ గెలుపు కొట్టొచ్చినట్టు లేదు.

“సున్నా ఎవరిక్కావాలమ్మా? ఇరవై బస్తాల దగ్గర మొదలుపెట్టు,” అన్నారాయన.

పెట్టాను. ఒక గీత తాడిచెట్టంత లేచింది, రెండోది గరికలా మిగిలింది. నా చదువు ఒకరికి అంతగా ఉపయోగపడటం అదే మొదటిసారి.

ఆ గ్రాఫ్‌ను గోడంత బ్యానరు చేయించి, మైలవరంలో రైతుల సమావేశం పెట్టి, పామర్రు రైతును వేదిక ఎక్కించారు. ఆయన వాళ్ల ఊరి చర్చిలో పెద్ద. అబద్ధమాడటం చేతకాని మనిషని మాకెవరూ ముందుగా చెప్పలేదు.

“మందు కొట్టిన మడి బాగా పండిందండీ. అది కాలవ పక్కనుంది. రెండోది శివారుదండీ. నీళ్లందవు, పైగా చౌడు. ఏటా అంతే పండుద్ది,” అన్నారు.

జనం నవ్వారు. మేనేజరు గారు మైకు అందుకుని భోజనాలు సిద్ధమన్నారు. మా కంపెనీలో శాస్త్రీయ చర్చ అంతవరకే.

పొలం మొహం చూడకుండా గీత గీసింది నేనే. భోజనాల దగ్గర ఆ రైతు పక్కన కూర్చుని, “ముందే చెప్పాల్సింది కదండీ,” అన్నాను.

“అడిగితే కదండీ మేడం గారూ. మీవాళ్లు తూకం వేసుకుని వెళ్లిపోయారు.”

మరుసటి పంటకు ప్రయోగం మళ్లీ చేస్తానన్నాను. గెలుపు ఖాయమనుకుని మేనేజరు గారు ఒప్పుకున్నారు. ఈసారి అదే రైతు పొలంలో ఎనిమిది మళ్లు తీసుకున్నాను, అన్నీ కాలవ పక్కనే. వేటికి మందు కొట్టాలో రైతు భార్య చీట్లు తీసి చెప్పింది. తూకం దగ్గర నేనే నిలబడ్డాను. తేడా ఏమీ రాలేదు.

మేనేజరు గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇదిగో, మందు కొట్టిన ఈ రెండు బాగున్నాయి. కొట్టనివాటిలో తక్కువ పండిన ఈ రెండూ ఉంచు. మిగతా నాలుగూ తీసెయ్.”

“ఎందుకు సార్?”

“అవి సరిగ్గా సహకరించలేదమ్మా.”

నివేదికలో ఎనిమిదీ ఉంచి, సంతకం పెట్టి, ఒక కాపీ రైతుకిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, మిగిలిన మందు డబ్బా తెచ్చి నా స్కూటీ మీద పెట్టారు.

మర్నాడు నన్ను అమ్మకాల విభాగానికి మార్చారు. ఆ మందు గురించి రైతులకు వివరించాలట. వారం తిరగకుండా ఉద్యోగం మానేశాను.