దొర కారుకు నేను చేసిన సోకులు

చేతికి స్మార్ట్ ఫోను, నోటికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఒకేసారి వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటీ లేదు. ఇరవై మూడేళ్ళ వయసు. జగిత్యాలలో ఒక సెకండ్ హ్యాండ్ బండ్ల షెడ్డులో ఉద్యోగం. సేల్స్ అని అందరికీ చెప్పుకునేవాణ్ణి గానీ, అసలు పని పొద్దున బండ్లు కడగడం, టైర్లకు నల్ల పాలిష్ కొట్టడం, మధ్యాహ్నం సేటుకు చాయ్ తేవడం. (మెడలో ట్యాగు మాత్రం ఉండేది. ఫోటో కింద ఏ హోదా రాయాలో సేటుకు తోచక ఆ గీత ఖాళీగా వదిలేశాడు.) ఆ ఖాళీ ట్యాగు వేలాడేసుకుని మేడిపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నా అంతవాడు లేడనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే వాణ్ణి ఆ బస్సులోంచి మధ్యదారిలో దింపెయ్యాలనిపిస్తుంది.

మా బాపు (నాన్నను మేం అట్లాగే పిలుస్తాం) డ్రైవరు. పద్దెనిమిదో ఏట నుంచి మా ఊరి దొర కారు నడిపాడు. దొరవాళ్ళు కోటలాంటి తమ గడిని అమ్ముకుని పట్నం వెళ్ళిపోతూ, ఇంజను చచ్చిన ఆ నల్ల కారును బాపు పేరు మీద రాసిచ్చి పోయారు. దొర మనసు ఎంత పెద్దదో అని ఊరంతా మెచ్చుకున్నారు. దాన్ని తీసుకుపోవాలంటే లారీ మాట్లాడుకోవాల్సి వచ్చేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. పదిమంది నెడితే అది మా వాకిట్లో రేకుల కిందికి చేరింది. ఇరవై ఏళ్ళు అక్కణ్ణుంచి కదలలేదు. డిక్కీలో మా కోళ్ళు గుడ్లు పెట్టేవి. దసరా వస్తే బాపు దాన్ని కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టేవాడు. కారు కదిలితే కదా అవి నలిగేది. అమ్మ రోకలి తెచ్చి ఒక్కొక్కటే చితక్కొట్టేది. ఈ తతంగం ఎవరైనా చూస్తున్నారేమోనని నేను ఇంట్లో దాక్కునేవాణ్ణి. కాగితాల మీద పేరు తనదే అయినా బాపు దాన్ని ఒక్కసారి కూడా మన కారు అనలేదు. దొర కారు అనేవాడు.

ఆ ఏడు ఆ జాగాలో ఒక గది కట్టాలనుకున్నాం. దీపావళి తర్వాత వస్తానన్నాడు మేస్త్రీ. ఈలోగా కారు అమ్ముడుపోతే సరేసరి, లేకపోతే తుక్కు ఆటోకు వెయ్యాల్సిందే. ఆ ఆటోవాడు ప్రతి మంగళవారం పాత ఇనుప సామాన్లు కొంటామని మైకులో అరుస్తూ వచ్చి, సరిగ్గా మా ఇంటి ముందు మైకు ఆపేవాడు. "ఏమాయె కాకా, ఇంక పోలేదా?" అని ఆసుపత్రికి పరామర్శకు వచ్చినవాడిలా మెల్లగా అడిగేవాడు. బాపు కారుకూ ఆటోకూ మధ్య వెళ్ళి నిలబడేవాడు.

"తుక్కుకు ఇయ్యద్దు కొడుకా," అన్నాడు నాతో. "నడిపెటోడు ఎవడన్న దొరుకుతడేమో సూడు. దాని ఇంజను సప్పుడు ఒక్కసారి ఇనాలని ఉన్నది."

"రంది పెట్టుకోకు బాపు. గిది పాత కారు గాదు, వింటేజ్. నెల తిరుగకముందె అమ్ముత," అన్నాను. వింటేజ్ అంటే ఏమిటో నాకూ తెలియదు. అన్న తీరు మాత్రం బాగా ఉంది.

ఫోనులో ఒక ఫోటో తీసి, కింద దొర కారు కథ రెండు ముక్కల్లో రాసి అమ్మకాల సైటులో పెట్టాను. తొందరలో డిక్కీ మీద కూర్చున్న కోడిని తోలడం మరచిపోయాను. మొదట వచ్చినవాడు జగిత్యాల ఫోటోగ్రాఫరు. కారు కొనడట, పెళ్ళికి ముందు జంటలు దానికి ఆనుకుని ఫోటోలు దిగుతారట, కిరాయికి ఇస్తామా అని అడిగాడు. తర్వాత సారంగాపూర్ నుంచి ఒకాయన టేపు పట్టుకుని వచ్చి, పైకప్పు కోసేస్తే లోపల దోసె పెనం పడుతుందా లేదా అని అటూ ఇటూ కొలిచాడు. టిఫిన్ సెంటరు పెడతాడట. బాపు ఆయనకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మా బాపు జీవితంలో అట్లా చెయ్యడం నేను చూసింది అదొక్కసారే.

ఇక నా తెలివి రంగంలోకి దిగింది. మా సేటుకు ఒకే ఒక సిద్ధాంతం ఉండేది. "పాతది పోవాలంటె కొత్తగ కనవడాలె. టైరు మెరిస్తె ఇంజను ఎవ్వడు సూడడు." ఆయన తన జుట్టుకు కూడా అదే సూత్రం పాటించేవాడు. నేను దాన్ని వేదంలా పట్టుకుని కోరుట్ల పోయి, ట్రాక్టర్ ట్రాలీలకు రంగులేసే పెయింటరును మాట్లాడాను. అతను మోపెడ్ మీద డబ్బాలు కట్టుకుని వచ్చి రెండు రోజుల్లో పని ముగించాడు. నల్ల కారు మీద ట్రాక్టరు ఎరుపు. తుప్పు మీద ఎరుపు, కోడిరెట్ట మీద ఎరుపు. బంపర్లకు వెండి రంగు. బానెట్ మీద రెక్కలు చాపిన రేడియం గద్ద. వెనుక అద్దం కింద "అమ్మానాన్నల దీవెన". నాలుగు టైర్లకూ నేనే స్వయంగా పాలిష్ కొట్టాను.

"గిది ట్రాక్టర్ గాదుర," అన్నాడు బాపు ఒక్కమాట. వెనుక తలుపులకు తాళం వేసి చెవి మొలకు కట్టుకున్నాడు. పెయింటరు లోపల కూడా ఎర్ర రెగ్జిన్ వేస్తానంటే ఎంత అడిగినా ఇవ్వలేదు. చదువుకోని మనిషికి మార్కెట్ ఏం తెలుస్తుందిలే అని నేను జాలిపడ్డాను.

ఆ వారమే సిరిసిల్ల నుంచి ఫోను వచ్చింది. ముప్పై ఏళ్ళు సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, బాగుచేసిన మెకానిక్ అట. ఇప్పుడు పాత బండ్లు కొని తనే బాగుచేసుకుని నడుపుకుంటాడట.

"డిక్కీ మీద కోడి కూసున్నది గదా, గా కారు ఉన్నదా తమ్మీ?"

"ఉన్నది సార్. గని ఇప్పుడు గట్ల లేదు. మస్తు తయారు చేయించిన."

"ఏం చేయించినవ్?" అని రెండుసార్లు అడిగాడు. సంతోషం పట్టలేకేమో అనుకున్నాను.

మంగళవారం పొద్దున వచ్చాడు. సన్నగా, నెరిసిన మీసాలతో ఉన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, గోటితో ఎరుపును గీకాడు. కింద నలుపు నిగనిగలాడింది.

"అసలు రంగు ఉండె గదా," అన్నాడు. "తుప్పయితె నేను సూసుకుందు. గీ సోకులు తియ్యాలంటెనె నాకు ఆర్నెల్లు." వెనుక రాసింది చదివి బాపు వైపు తిరిగాడు. "మీరేనా దీన్ని దీవించింది?"

"నన్ను అడుగలే సార్," అన్నాడు బాపు.

ఆయన తల ఊపి తన మోటారుసైకిల్ వైపు నడిచాడు. అంతలో వీధి మొగదల మైకు వినపడింది. పాత ఇనుప సామాన్లు. ఆ నెలలో మొదటిసారి నాకు సిగ్గేసింది, అదీ నా కోసం కాదు, బాపు మొహం చూసి.

బాపు మొలలోంచి తాళంచెవి తీసి, వెనుక తలుపు తెరిచి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని పక్కకు ఒదిగి నిలబడ్డాడు. దొర కోసం అట్లాగే నిలబడేవాడట. సిరిసిల్ల పెద్దమనిషి వెనక్కి వచ్చి లోపలికి వంగాడు. పైన తొడిగిన తెల్ల గలీబు జరిపి చూస్తే సీటు నిన్న కుట్టినట్టుంది. ఒక్క కుట్టు ఊడలేదు. ముందు సీటులో స్ప్రింగులు బయటికి వచ్చి ఉన్నాయి.

"ఇదెట్ల?" అన్నాడు.

"మేము ఎవ్వలం కూసోలే సార్. ముందటిది నేను నడిపి నడిపి చినిగింది. ఎనుకది దొరోళ్ళది."

"వాళ్ళు పోయి ఇరవై ఏండ్లాయె గదా. కారు నీ పేరు మీదనె ఉన్నది గదా."

"కాయితాలల్ల ఉన్నది సార్."

ఆయన గలీబును మళ్ళీ ఎప్పటిలా సర్ది, తలుపు మెల్లగా మూశాడు. తర్వాత బేరం కూడా ఆడకుండా కారు తీసుకుంటానన్నాడు. తుక్కు ఆటో ఆ పూట మైకు ఆపకుండానే పోయింది.

రెండు రోజులకు సిరిసిల్ల ఆయన కారును లాక్కుపోవడానికి తాడూ, ట్రాక్టరూ, దాన్ని నడిపే మనిషినీ తెచ్చుకున్నాడు. బాపు అలవాటుగా వెనుక తలుపు తెరిచాడు. ఆయన పోయి డ్రైవర్ సీటులో స్ప్రింగుల మీదే కూర్చుని, "ఎక్కు అన్నా. ఊరి బయటిదాక నేను తోల్త," అన్నాడు. బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ వెళ్ళమన్నట్టు తల ఊపింది. బాపు చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని ఎక్కాడు. సీటు అంచున కూర్చుని, చెప్పులు ఒడిలో పెట్టుకుని, ముందు సీటును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక్క క్షణం కూడా వెనక్కి ఆనలేదు. "కుడిదిక్కు కొయ్యుండ్రి సార్, గుంత ఉన్నది," అని చెబుతూనే ఉన్నాడు. నేను పక్కన నడుస్తూ, నవ్వుతూ వీడియో తీశాను.

ఆ అమ్మకం చూసి సేటు నా ట్యాగు మీద సేల్స్ అని రాశాడు. ఎర్ర రంగు వల్లే కారు పోయిందని నేను ఏడాది పాటు కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. సిగ్గు మళ్ళీ అంత తొందరగా రాలేదు. సిరిసిల్ల ఆయనకు నా సోకులు గీకడానికి ఆర్నెల్లు కాదు, ఎనిమిది నెలలు పట్టింది. ఒకరోజు ఫోన్ చేసి బానెట్ దగ్గర పెట్టి ఇంజను చప్పుడు వినిపించాడు. బాపు కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "ఒక ప్లగ్గు కొట్టుకుంటంది సార్, సూడుండ్రి," అన్నాడు. ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆ వీడియో ఇంకా నా దగ్గర ఉంది. అందులో బాపు మాటల కంటే నా నవ్వే గట్టిగా వినపడుతుంది. అందుకని ఇప్పుడు శబ్దం తీసేసి చూస్తాను. షెడ్డు ఇప్పుడు నాదే. మొన్న వేములవాడ నుంచి వచ్చినాయన ఒక పెద్ద కారు నడిపి చూస్తానంటే, భార్య ముందు కూర్చుంది కాబట్టి నేను వెనుక ఎక్కాను. మెత్తటి సీటు. కొంత దూరం పోయాక ఆయన అద్దంలో నన్ను చూసి, "ఆరాముగ కూసోండ్రి," అన్నాడు. అప్పుడు చూసుకున్నాను, సీటు అంచున ఉన్నాను, రెండు చేతులతో ముందు సీటును పట్టుకుని. నవ్వొచ్చింది. "ఏం లేదు సార్, కుడిదిక్కు పోనియ్యుండ్రి, గుంత ఉన్నది," అన్నాను.